ఊరి బాట మీద సైకిలు



పొద్దున్నే మన వంటింటి కిటికీలోంచి వినబడే చప్పుళ్ళలో ఒకటి ఈ మధ్య బాగా తగ్గిపోయింది, గమనించారా? సైకిలు గంట. ఇప్పుడు పాలు మోటారు సైకిలు మీద వస్తున్నాయి. పేపరూ దాని మీదే వస్తోంది. మొన్న మా రామచంద్రాపురం కాలనీలో తెల్లవారుఝామున ఎవరో పాత సైకిలు గంట మోగించుకుంటూ పోయారు. చాయ గిన్నె చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మా నాయన రాత్రి డ్యూటీ దిగి ఇంటికొచ్చాడనిపించింది. ఆయన పోయి చాలా ఏళ్ళయింది.

అంచేత ఈవేళ మీతో సైకిలు కథ చెప్పుకుందామనుకుంటున్నాను. రెండు చక్రాలూ ఒక చెయినూ, దానికీ ఒక కథేనా అంటారేమో! ఉందండీ. అందులో మన ఆడవాళ్ళ కథ కూడా ఉంది.

సైకిలు పుట్టి రెండు వందల ఏళ్ళు దాటింది. 1817లో జర్మనీలోని మన్‌హైమ్ పట్టణంలో కార్ల్ వాన్ డ్రైస్ అనే ఆయన ఒక కొయ్యబండి చేశాడు. ముందొక చక్రం, వెనకొక చక్రం, నడుమ కూర్చోడానికి ఒక దిండు. పెడళ్ళు లేవు. కాళ్ళతో నేలను తన్నుకుంటూ ముందుకు పోవాల్సిందే. 1860ల్లో పారిస్‌లో ముందు చక్రానికి పెడళ్ళు తగిలించారు. ఆ తర్వాత ఒక్క తొక్కుడుకే ఎక్కువ దూరం పోవాలన్న ఆశతో ముందు చక్రాన్ని దాదాపు మనిషంత ఎత్తు చేశారు, వెనక చక్రమేమో చిన్నది. అది ఎక్కాలంటే సాము నేర్చుండాలి, పడితే తల పగలాలి. పొడుగు గౌన్లు తొడుక్కున్న ఆ దేశపు ఆడవాళ్ళ మాట ఇక చెప్పనే అక్కర్లేదు.

1885లో ఇంగ్లండులోని కావెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ అనే ఆయన రెండు చక్రాలూ ఇంచుమించు ఒకే ఎత్తున పెట్టి, చెయినుతో వెనక చక్రం తిరిగేలా 'రోవర్' అనే సైకిలు చేశాడు. ఇవాళ మన వీధిలో పోయే సైకిలు దాని మనవరాలే. ఇక 1888లో బెల్‌ఫాస్ట్‌లో డన్‌లప్ అనే పశువుల డాక్టరు గాలి టైరుకు పేటెంటు తీసుకున్నాడు. తన కొడుకు మూడు చక్రాల బండి రాళ్ళబాట మీద ఎగిరెగిరి పడుతుంటే చూడలేక, రబ్బరు గొట్టంలో గాలి నింపి చక్రాలకు చుట్టాడట. ఆ తండ్రి ప్రేమ వల్లే ఇవాళ గతుకుల బాట మీద మన నడుములు నిలుస్తున్నాయి.

సమానమైన చక్రాలూ గాలి టైర్లూ వచ్చాక సైకిలు ఆడవాళ్ళకు అందింది. ఎంతగా అందిందంటే, సైకిలు కోసం వాళ్ళు బట్టలే మార్చుకున్నారు, గౌన్లు పొట్టివయ్యాయి. 1894లో అమెరికాలోని బోస్టన్ నుంచి ముగ్గురు పిల్లల తల్లి ఒకావిడ, అనీ లండన్‌డెర్రీ అన్న పేరుతో, సైకిలు తీసుకుని ప్రపంచం చుట్టి రావడానికి బయల్దేరింది. కొంత ఓడలో, కొంత సైకిలు మీద ప్రయాణం చేసి 1895లో తిరిగొచ్చింది. ఆడవాళ్ళ ఓటు హక్కు కోసం జీవితమంతా పోరాడిన సూజన్ బి. ఆంథొనీ, ఆడదాని స్వేచ్ఛకు సైకిలు చేసినంత మేలు లోకంలో మరేదీ చెయ్యలేదని 1896లో ఒక పత్రికతో అంది. చూశారా, ఓటు కోసం కొట్లాడిన మనిషే సైకిలుకు అంత పెద్దపీట వేసింది!

మన దేశానికి మొదట్లో సైకిళ్ళు ఇంగ్లండు నుంచి ఓడల్లో వచ్చేవి. స్వతంత్రం వచ్చాక మనవాళ్ళే పెద్దయెత్తున చెయ్యడం మొదలుపెట్టారు. 1949లో మద్రాసులో టీఐ సైకిల్స్, 1951లో సోనీపట్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో మొదలయ్యాయి. 1986 నాటికి హీరో కంపెనీ ప్రపంచంలోనే ఎక్కువ సైకిళ్ళు చేసే కంపెనీగా గిన్నిస్ పుస్తకానికెక్కింది. ఒకప్పుడు మన ఊళ్ళల్లో పెళ్ళికొడుకుకు అత్తవారు పెట్టిన మూడు వస్తువులు ఏమిటంటే వాచీ, రేడియో, సైకిలు. ఈ మూడూ పెళ్ళికొడుక్కే సుమండీ! పెళ్ళికూతురుకు ఆ సైకిలు కారియర్ మీద ఒక పక్కకు కూర్చునే భాగ్యం.

సైకిలు బీదవాడి బండి అని చిన్నచూపు చూసేవాళ్ళకు పుచ్చలపల్లి సుందరయ్యగారిని గుర్తు చెయ్యాలి. 1952లో రాజ్యసభకు వెళ్ళిన ఆ నాయకుడు ఢిల్లీలో పార్లమెంటుకు సైకిలు మీద వెళ్ళేవారు. తర్వాత శాసనసభ్యుడై హైదరాబాదులో అసెంబ్లీకీ సైకిలు మీదే వచ్చేవారు. దానివల్ల ఆయన మర్యాద తగ్గిందని ఎవరూ అనలేదు. ఆ మాట వచ్చేసరికి జనం ఇప్పటికీ గౌరవంగానే చెప్పుకుంటారు.

ఇక మా సంగారెడ్డి సంగతికి వస్తాను. అప్పట్లో ఇది మెదక్ జిల్లా. సంగారెడ్డి పేరుతో వేరే జిల్లా అయింది 2016లో. హైదరాబాదు చుట్టూ ఉన్న గుట్టలూ బండరాళ్ళూ దాటి, బొంబాయి రోడ్డు మీద పటాన్‌చెరు నుంచి పడమరకు పోతూంటే నేల మెల్లగా చదునవుతుంది. మంజీర వైపు పోయినకొద్దీ నల్లరేగడి, జొన్న, శనగ, చెరుకు. పెద్దరోడ్డు నుంచి ఊళ్ళలోకి చీలిపోయే బండ్లబాటలు, పక్కన తుమ్మచెట్లు, అక్కడక్కడ ఒక చెరువు కట్ట. ఎత్తు లేదు, పల్లం లేదు. కాళ్ళలో బలం లేనివాళ్ళు కూడా తొక్కగలిగే బాటలివి. నడిచి పోతే గంటకు నాలుగైదు కిలోమీటర్లే కదా. అదే మనిషి అంతే ఆయాసంతో సైకిలు మీద పన్నెండు, పదిహేను పోవచ్చు.

అట్లా అని అంతా సుఖమని కాదు. చదును నేలకు కొండ లేకపోయినా గాలి ఉంటుంది. ఆషాఢంలో పడమటి గాలి మొదలైతే, సాయంత్రం పటాన్‌చెరు నుంచి ఊరికి తిరిగొచ్చేవాళ్ళకు అది ఎదురుగాలి. మా నాయన, "ఇయ్యాల గాలి గుట్టెక్కినట్టున్నదే" అని కూలబడేవాడు. ఇక వాన పడితే రేగడి మన్ను చక్రానికీ మడ్‌గార్డుకూ నడుమ కూరుకుని చక్రం తిరగదు. పుల్లతో గీకుతూ, తోస్తూ, చివరికి సైకిలునే భుజానికెత్తుకుని వచ్చేవాళ్ళు. సైకిలు మనిషిని మోసే రోజులు పది నెలలు, మనిషి సైకిలును మోసే రోజులు రెండు నెలలు అని మా ఊళ్ళో నవ్వుకునేవారు.

ఆ బాటల చివర కార్ఖానాలు లేచాయి. 1960ల్లో రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ వచ్చింది. 1972లో పటాన్‌చెరు దగ్గర జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ మీద పరిశోధన చేసే అంతర్జాతీయ సంస్థ ఇక్రిశాట్ వచ్చింది. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి లోక్‌సభకు గెలిచారు. 1984లో ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం మొదలైంది. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామికవాడల్లో మందుల ఫ్యాక్టరీలూ, రసాయనాలవీ, ఇనుపవీ ఎన్నో లేచాయి. మరి వాటిల్లో పనికి మనుషులు ఎట్లా వచ్చారంటారు? షిఫ్టు వేళకు మా ఊళ్ళకు బస్సు లేదు. ఉన్న బస్సు పెద్దరోడ్డు మీదే ఆగేది. నేను కళ్ళారా చూసింది చెబుతున్నాను. తెల్లవారుఝామున నాలుగున్నరకు మా ఊరి నుంచి పదిమంది, పక్క ఊరి నుంచి పదిమంది, చీకట్లో డైనమో దీపాలు మినుకుమినుకుమంటూ వరసగా పోయేవాళ్ళు. కారియర్‌కు జొన్నరొట్టె, పచ్చిపులుసు కట్టిన టిఫిను డబ్బా. మా నాయన పోను పన్నెండు, రాను పన్నెండు కిలోమీటర్లు తొక్కేవాడు. మా వైపు ఊళ్ళ నుంచి ఆ ఫ్యాక్టరీల్లోకి చేతులు పోయింది సైకిలు మీదే.

ఆ ఫ్యాక్టరీలు మాకు బియ్యం పెట్టాయి, కాదనను. కానీ నక్కవాగు నీళ్ళు రంగు మారాయి. ఆ వంతెన దాటేటప్పుడు ముక్కుకు తువ్వాల అడ్డం పెట్టుకుని తొక్కేవాళ్ళమని నాయన చెప్పేవాడు. ఫ్యాక్టరీలతో పాటు లారీలూ, ట్యాంకర్లూ పెరిగాయి. ఏ సైకిళ్ళ మీద వచ్చిన మనుషుల వల్ల ఆ లారీలు నిండాయో, ఆ సైకిళ్ళకే రోడ్డు మీద చోటు లేకుండా పోయింది. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక రాత్రి ఒక లారీ మరీ ఒరుసుకుంటూ పోతే నాయన పక్కనున్న కాలువలో పడ్డాడు. మణికట్టు విరిగింది, ప్రాణం దక్కింది.

ఇక్కడే నా కథ వస్తుంది, కొంచెం ఓపిక పట్టండి.

మా తమ్ముడు నాకంటే రెండేళ్ళు చిన్న. వాడు ఆరో తరగతిలోనే నాయన సైకిలు బారు కిందినుంచి కాలు దూర్చి, సగం సగం తొక్కుతూ నేర్చాడు. సీటు అందకపోయినా ఊరంతా తిరిగొచ్చేవాడు. నేనడిగితే మా నాయనమ్మ, "ఆడివిల్లకు సైకిలెందుకే? పడి కాలిరిగితే పెండ్లెట్లయితది?" అనేది. అమ్మ నవ్వి ఊరుకునేది. నాయన మాత్రం, "మణికట్టు బాగైనంక నేనే నేర్పిస్త బిడ్డా" అన్నాడు. మణికట్టు బాగయింది గానీ ఆయన ధైర్యం బాగవలేదు. "నేనే పడ్డ, నువ్వెట్ల పోతవ్?" అనేశాడు. సైకిలు తమ్ముడిదయింది.

నేను పదో తరగతి పాసయ్యాను, మార్కులు కూడా మంచివే వచ్చాయి. కాలేజీ సంగారెడ్డిలో. బస్సు పెద్దరోడ్డు మీద దొరుకుతుంది. మా ఇంటి నుంచి పెద్దరోడ్డుకు మూడు కిలోమీటర్లు. పొద్దున చీకట్లో, సాయంత్రం చీకట్లో ఒంటరిగా నడిచి పోవాలి. ఇంట్లో వద్దన్నారు, అంతటితో సరి. నా చదువును ఆపింది డబ్బు కాదు, మార్కులు కాదు. ఎత్తూ పల్లం లేని ఆ మూడు కిలోమీటర్లే.

చాలా ఏళ్ళ తర్వాత, రేడియో ప్రసంగాల కోసం పుస్తకాలు తిరగేసేటప్పుడు ఒక సంగతి చదివాను. 2006లో బీహారు ప్రభుత్వం తొమ్మిదో తరగతిలో చేరిన ఆడపిల్లలకు సైకిలు ఇచ్చే పథకం పెట్టింది. కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు దాని ఫలితాన్ని లెక్కకట్టారు. హైస్కూలులో చేరే ఆడపిల్లలు 32 శాతం పెరిగారు. మగపిల్లలకూ ఆడపిల్లలకూ మధ్య తేడా 40 శాతం తగ్గింది. ఆ మేలు ఎక్కువగా ఎవరికి జరిగిందో తెలుసా? బడి మూడు కిలోమీటర్లకు మించి దూరమున్న ఊళ్ళ పిల్లలకు. ఆ అంకె చూసి పుస్తకం మూసేశాను. మూడు కిలోమీటర్లు! నాకొక్కదానికే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

అంతకన్నా ముందే మన పొరుగున తమిళనాడులో ఒక పెద్ద పని జరిగింది. పుదుక్కోట్టై జిల్లాలో 1991లో అక్షరాస్యతా ఉద్యమం మొదలుపెట్టినప్పుడు, అప్పటి కలెక్టరు షీలారాణి చుంకత్ చదువుతో పాటు సైకిలును కూడా అందులో చేర్చారు. పొలం పనికి పోయే ఆడవాళ్ళు, రాళ్ళు కొట్టేవాళ్ళు, నర్సులు, టీచర్లు అంతా నేర్చుకున్నారు. లక్ష మందికి పైగా నేర్చారని విలేఖరి పి. సాయినాథ్ రాశారు. ఈయన మన వి.వి. గిరిగారి మనవడే. 1992 మహిళా దినోత్సవం నాడు 1500 మందికి పైగా ఆడవాళ్ళు సైకిళ్ళ మీద ఊరేగారు. ఆడవాళ్ళ సైకిళ్ళు చాలకపోతే మగవాళ్ళవే ఎక్కారట. ముందు బారు మీద పిల్లను కూర్చోబెట్టుకోవచ్చు, అదే మేలన్న తల్లులు కూడా ఉన్నారట! నీళ్ళకూ, బజారుకూ, ఆస్పత్రికీ మొగుడి కోసమో బస్సు కోసమో ఎదురుచూడడం తప్పింది. దారి మీద ఎవరు ఏమన్నా, పక్కన మరో నలుగురు తొక్కుతూంటే ఆ మాట చెవికెక్కదు కదండీ.

మా బొంబాయి రోడ్డు ఆ తర్వాత ఇంకా వెడల్పయింది. బయటి వలయపు రోడ్డు, అదే ఔటర్ రింగు రోడ్డు వచ్చింది. కందిలో ఐఐటీ వచ్చింది. పొలాలు ప్లాట్లయ్యాయి. ఆ రోడ్డు నిశ్శబ్దంగా ఉండగా నా జన్మలో ఒక్కసారే చూశాను, 2020లో లాక్‌డౌన్ అప్పుడు. అయితే అది ఆనందించే నిశ్శబ్దం కాదు. ఊరు కాని ఊళ్ళో పనికొచ్చిన కూలీలు ఇంటికి పోయే దారి లేక అల్లాడిపోయారు. దేశమంతటా ఎందరో పాత సైకిళ్ళు కొనుక్కుని వందల కిలోమీటర్లు తొక్కారు. కందిలో ఐఐటీ భవనాలు కట్టే కూలీలను ఎక్కించుకుని, 2020 మే 1న మా పక్కనున్న లింగంపల్లి నుంచే దేశంలో మొదటి శ్రామిక్ రైలు జార్ఖండ్‌లోని హతియాకు పోయింది. దాదాపు 1200 మంది ఎక్కారు. రైలు దొరికినవాళ్ళు అదృష్టవంతులు. దొరకనివాళ్ళకు రెండు చక్రాలే దిక్కయ్యాయి.

ఆ రోజుల్లోనే, మా కాలనీ గేటు లోపల ఖాళీ వీధుల్లో, మా అమ్మాయి నాకు సైకిలు నేర్పింది. నలభై ఏళ్ళ వయసులో! బారు లేని లేడీస్ సైకిలు, చెయినుకు కవరు, చీర పడకుండా వెనక చక్రానికి వల. రెండుసార్లు పడ్డాను, మోకాలు గీసుకుపోయింది. మూడోనాడు నిలిచింది. "అమ్మా, నేను వదిలేసి చాలాసేపయింది" అని వెనకనుంచి అరిచింది పిల్ల. ఏడ్చానో నవ్వానో చెప్పలేను.

2023 అక్టోబరు 1న ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు బాట ప్రారంభించారు. అందులో ఒక పాయ నార్సింగి నుంచి మా జిల్లాలోని కొల్లూరు దాకా వస్తుంది. నెత్తిన సౌర విద్యుత్తు పలకల కప్పు, పక్కన దీపాలు. ఒక ఆదివారం మా అమ్మాయితో పోయి చూశాను, ఎంతో బాగుంది. కారు మీద సైకిలు కట్టుకొచ్చి తొక్కేవాళ్ళను చూసి సంతోషించాను కూడా. కానీ మనసులో ఒక మాట మెదిలింది. ఆరోగ్యం కోసం తొక్కేవాళ్ళకు నీడ దొరికింది, మంచిదే. కాలేజీ కోసం తొక్కాల్సిన పిల్లకు మూడు కిలోమీటర్ల భయంలేని బాట ఎవరిస్తారు?

ఈ మాట ఊరికే రాలేదు. మా తమ్ముడి కూతురు ఈ ఏడు పది పాసయింది. కాలేజీ సంగారెడ్డిలో, బస్సు అదే పెద్దరోడ్డు మీద. తమ్ముడు ఫోను చేసి, "అక్కా, రోడ్డంత లారీలున్నయి, పిల్లను ఎట్ల పంపాలె? ఇంట్లనే ఉండి ప్రైవేటుగ కడ్తది తియ్" అన్నాడు. అచ్చంగా మా నాయన గొంతే. వాడి మీద కోపం రాలేదు. వాడి భయం నిజమే కదా.

మరుసటి ఆదివారం ఊరికి పోయాను. పొద్దున ఆరింటికి నేనూ మేనకోడలూ చెరొక సైకిలు తీసుకుని బయల్దేరాం. తమ్ముడు మోటారు సైకిలు మీద వెనకాలే వచ్చాడు, కాపలాకు. బాటకు తారు పడింది. రెండు వైపులా పత్తి చేలు, తుమ్మచెట్ల మీద పిట్టలు. మూడు కిలోమీటర్లకు పావుగంట కూడా పట్టలేదు. భయపడాల్సిన చోటు చివరి అరకిలోమీటరే. అక్కడ గోదాము ముందు లారీలు ఆగుతాయి, మలుపు కనబడదు. పక్కనే పాత చెరువు కట్ట ఉంది, చిన్నప్పుడు ఎద్దుబండ్లు పోయేవి. దాని మీదినుంచి పోతే లారీల జోలికే పోకుండా బస్సు ఆగే చోటికి చేరొచ్చు. అక్కడ చాయ హోటలు నడిపే ఆమె సైకిలు పెట్టుకోనిస్తానంది. "నా బిడ్డను గుడ తోలియ్యుండ్రి, ఇద్దరైతరు" అని కూడా అంది.

తమ్ముడు చాలాసేపు కట్ట మీద నిలబడి చూశాడు. "ఈ కట్ట ఉన్నట్టే యాదికి లేదక్కా" అన్నాడు. పిల్ల పేరు కాలేజీలో రాయించాడు. ఇప్పుడు ఆ కట్ట మీద పొద్దున నలుగురు ఆడపిల్లలు పోతున్నారు. కట్టకు రెండు దీపాలు వేయించమని పంచాయతీకి అర్జీ పెట్టించాం, చూడాలి.

ఇంతకూ నేను చెప్పొచ్చేదేమిటంటే, పిల్లకు సైకిలు కొనివ్వడం సగం పనే. ఆ సైకిలు పోయే బాటను మనం ఒకసారి స్వయంగా చూసి రావడం మిగతా సగం. మీరు పట్నంలో ఉన్నా సరే, మీ ఇంట్లో పనిచేసే అమ్మాయి బిడ్డ బడికి ఎట్లా పోతోందో, మీ ఊళ్ళో మీ అన్నదమ్ముల పిల్లలు ఏ దారిన పోతున్నారో ఒక్కసారి అడగండి. 'రోడ్డు బాగాలేదు' అన్న మాట దగ్గరే ఆగిపోకండి. ఏ చోట బాగాలేదో అడగండి. చాలాసార్లు అది అరకిలోమీటరే ఉంటుంది.

ఇంకొక మాట. మీలో ఎవరైనా సైకిలు నేర్చుకోవాలని ఉండి, వయసు దాటిపోయిందని ఊరుకున్నవాళ్ళుంటే, పొద్దున ఐదింటికి వీధి ఖాళీగానే ఉంటుంది. మోకాళ్ళకు కొబ్బరినూనె నేను పంపిస్తాను.

ఉంటాను మరి, సెలవు.